నురగ డైరీ: ఒక్క మాట కోసం పదకొండు సీసాలు

కోనసీమలో రాజోలు వైపు కాలవగట్టు ఊరు మాది. "నురగ" అనే మాటని మా చుట్టుపక్కల ఎన్ని రకాలుగా వాడతారో, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చీటీల మీద రాసి ఊరి గ్రంథాలయం గోడకి పెట్టాలన్నది పని. ఫిబ్రవరిలో మొదలుపెడితే జూన్‌కి ఒక కొలిక్కి వచ్చింది. మీ ఊళ్లో ఇలాంటిది చేద్దామనుకుంటే కింద రాసిన మొదటి రెండు దశలూ చదవండి గానీ చేయకండి. ఆ రెండూ నేను చేసి చెడగొట్టుకున్నవే.

దశ 1: ప్రశ్నల కాగితం (ఫిబ్రవరి, మొదటి రెండు వారాలు)

నలభై జిరాక్సులు తీయించాను. అందులో మొదటి ప్రశ్న: "సబ్బు నురగను మీ ఇంట్లో ఏమంటారు?"

ఇంతకంటే తెలివితక్కువ ప్రశ్న ఉండదు. జవాబు ప్రశ్నలోనే పెట్టేశాను. 24 మంది "నురగ" అన్నారు, 14 మంది "నురుగు" అన్నారు. తెలుగు మేష్టారుగా చేసి రిటైరైన ఒకాయన "ఫేనం" అన్నారు. మిగిలిన ఒక్కాయనా "ఆయ్, పనీపాటా ఏం లేదేటండి?" అని కాగితం తిరిగిచ్చేశాడు. నలభై జవాబుల్లో నాకు బాగా పనికొచ్చింది ఆయనదే.

నురగ, నురుగు రెండు రూపాలూ పక్కపక్క ఇళ్లలోనే దొరికాయి. ఒకే మనిషి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అనడం కూడా విన్నాను. అందుకని "ఈ ఊళ్లో ఇలా, ఆ ఊళ్లో అలా" అని పటం గీద్దామనుకున్న ఆలోచన అక్కడే మానుకున్నాను.

మొత్తం ఇప్పటికి: మనుషులు 40, మాటలు 3, ఖర్చు 80 రూపాయలు.

దశ 2: ఫొటోలు (ఫిబ్రవరి చివర)

మాట చెప్పకుండా బొమ్మ చూపించి "ఇదేంటి?" అని అడుగుదామని పన్నెండు ఫొటోలు అచ్చు వేయించాను. సబ్బు నీళ్ల బకెట్టు, పొంగుతున్న పాలు, కల్లు ముంత, రొయ్యల చెరువు, అంతర్వేది దగ్గర అల, ఇలాంటివి.

పదిహేను మందికి చూపించాను. నురగ సంగతి వదిలేసి అందరూ ఫొటోలో ఉన్నదేంటో తేల్చుకునే వాదనలో పడ్డారు. కల్లు ముంతని ఇద్దరు మజ్జిగన్నారు, ఒకరు కాఫీ అన్నారు. అల ఫొటోని మా బాబాయి తలకిందులుగా పట్టుకుని మబ్బన్నాడు. చెరువు ఫొటో చూసి ఒకాయన "తెట్టు కట్టింది, మందు కొట్టాలి" అని నాకే సలహా ఇచ్చాడు. తెట్టు అనే మాట దొరికింది గానీ, ఆయన చూసింది నురగని కాదు, దాని వెనకాల నీళ్ల మీదున్న ఆకుపచ్చ నాచుని.

నురగ ఫొటోలో నిలవదని నాకు అప్పటికి తట్టలేదు. పుట్టడం, పొంగడం, దిగిపోవడం చూస్తేనే అది నురగ. ఆపేసిన బొమ్మలో తెల్లటి మచ్చగా కనిపిస్తుంది, అంతే.

మొత్తం ఇప్పటికి: మనుషులు 55, మాటలు 6 (మీగడ, పొంగు, తెట్టు చేరాయి), ఖర్చు 200.

దశ 3: సీసాలు (మార్చి నుంచి ఏప్రిల్ మధ్యదాకా)

ఇక వస్తువునే పట్టుకెళ్లాలనుకున్నాను. పాత సామాన్ల కొట్లో పొడుగాటి గాజు సీసాలు పదకొండు కొన్నాను, ఒక్కోటి 15 రూపాయలు. మూతలు బిగుతుగా ఉన్నవే ఏరుకోండి. నేను ఏరుకోలేదు, మొదటి వారం చొక్కాలన్నీ తడిశాయి.

నేను చేసిన తీరు ఇది:

1. సీసా బయట అడుగు నుంచి పైదాకా సెంటీమీటర్ల కాగితం టేపుతో అంటించాలి.
2. 100 మిల్లీలీటర్ల నీళ్లు పోయాలి.
3. సబ్బు తురుము 1 గ్రాము వేయాలి. వంటింటి తక్కెడ 1 గ్రామును నమ్మకంగా చూపించదు. 10 గ్రాములు తూచి పది సమానమైన కుప్పలు చేయండి.
4. తురుము కరిగేదాకా ఆగి, ఇరవై సార్లు ఊపాలి. లెక్క తప్పితే ఆ సీసా పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి.
5. నీటి గీత నుంచి నురగ పై అంచుదాకా వెంటనే ఒకసారి, 5 నిమిషాలకి ఒకసారి, 30 నిమిషాలకి ఒకసారి కొలవాలి.

మొదటి విడత కొలతలు పనికిరాలేదు. కాలవ నీళ్లు పొద్దున తెచ్చినవి, బోరు నీళ్లు మధ్యాహ్నం తెచ్చినవి. ఒకటి చల్లగా, ఇంకోటి గోరువెచ్చగా ఉన్నాయి. రెండో విడతకి అన్ని నీళ్లనీ రాత్రంతా ఒకే గదిలో ఉంచాను. కాలవ నీళ్లలో మట్టి కూడా అడుక్కి దిగింది. ఆ విడత అంకెలు (సెంటీమీటర్లలో, మూడు సార్లు కొలిచి సగటు తీసినవి):

మామూలు ఒంటి సబ్బు, కాలవ నీళ్లు: 7, 6.5, 5
అదే సబ్బు, మా బోరు నీళ్లు: 1.5, 0.5, 0
ఇంట్లో కాసిన కొబ్బరినూనె సబ్బు, బోరు నీళ్లు: 4, 3, 1.5
కుంకుడు రసం, కాలవ నీళ్లు: 6, 5.5, 4
కుంకుడు రసం, బోరు నీళ్లు: 5.5, 5, 3.5

సముద్రం దగ్గరున్న పల్లెల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని అందరికీ తెలుసు. ఉప్పదనం ఒక్కటే కాదు, నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉంటే అవి సబ్బుతో కలిసి నీటిలో కరగని తెల్లటి ముక్కలు అవుతాయి. సబ్బంతా అటు ఖర్చయ్యాక మిగిలితేనే నురగ. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని అణువులో కార్బన్ల గొలుసు పొట్టిది కాబట్టి ఆ సబ్బు ఉప్పునీటిలో కూడా కాస్త కరుగుతుంది. సముద్రపు నీళ్లతో స్నానం చేయాల్సిన ఓడవాళ్లకి కొబ్బరినూనె సబ్బే ఇచ్చేది అందుకే. కుంకుడులో ఉన్నది సబ్బు కాదు, సాపొనిన్ అనే వేరే నురగ పదార్థం. దానికి కాల్షియం పెద్దగా అడ్డు రాదు. మా నాయనమ్మ తలకి కుంకుడుకాయలే వాడింది. పిసినారితనం అనుకునేవాళ్లం. మా నూతి నీళ్లు చూసుకుంటే ఆవిడదే సరైన లెక్క.

సీసాలు పట్టుకెళ్లి జనం ముందే ఊపడం మొదలెట్టాక మాటలు రాలాయి. బోరు నీళ్ల సీసా చూసి మా అమ్మ అంది: "నురగేంట్రా, సబ్బు విరిగిపోతే!" పాలు విరిగినట్టు సబ్బు విరిగింది. పక్కింటి పెద్దమ్మ పైన తేలిన తెల్లటి పొరని "తరక" అంది. అదీ పాల మీద మాటే. సబ్బు మనింటికి తర్వాత వచ్చిన చుట్టం, పాలు ఎప్పటినుంచో ఉన్నవి. అందుకే సబ్బుకి ఏ కష్టమొచ్చినా పాల దగ్గర్నుంచే మాట అరువు తెచ్చుకున్నారు.

ఏప్రిల్ మధ్యలో కాలవ కట్టేశారు. ఏటా కట్టేదే, నాకే గుర్తులేదు. నాలుగో విడత కొలతలకి నీళ్లు లేవు. చెరువు నీళ్లతో చేసి చూస్తే ఒంటి సబ్బు నురగ 5 దగ్గర ఆగింది. ఆ అంకెని పాతవాటి పక్కన పెట్టడం తప్పని కొట్టేశాను. మీరు చేస్తే కాలవ కట్టకముందే రెండు క్యాన్ల నీళ్లు పట్టి పెట్టుకోండి.

మొత్తం ఇప్పటికి: మనుషులు 77, మాటలు 8 (తరక, బుడగ చేరాయి), ఖర్చు 400.

దశ 4: పేలిన సీసా (ఏప్రిల్ చివర)

కల్లు నురగ సేకరించాలని తెల్లవారుజామున తాటితోపుకి వెళ్లాను. చెట్టు దిగొచ్చిన మావయ్య సీసా నిండా పోసి, "మూత బిగించకండి బాబూ" అన్నాడు. నురగ పోతుందని బిగించాను. స్కూటర్ డిక్కీలో పెట్టి మూడు కిలోమీటర్లు వచ్చేసరికి ఢామ్మంది. కల్లు పులుస్తూ కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. ఎండ, కుదుపులు, బిగించిన మూత మూడూ కలిస్తే గాజు ఆగదు. డిక్కీ వాసన రెండు వారాలు పోలేదు. పిల్లలున్న చోటికి గాజు సీసాలో కల్లు పట్టుకెళ్లకండి. ప్లాస్టిక్ సీసా తీసుకుని, మూత వదులుగా పెట్టి, దాన్ని నిలబెట్టి తీసుకురండి.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ముంత లోపల సున్నం పూస్తే పులవదు, నీరా దొరుకుతుంది, నురగ లేవదు. సున్నం లేని ముంతలో నురగ అంచు దాటి వస్తుంది. ఆ మావయ్య ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూపించాడు. దింపగానే "నురగ పొంగుతోంది" అన్నాడు. కాసేపయ్యాక "నురగ దిగాక తాగాలండి" అన్నాడు. అడుగున మిగిలింది "మడ్డి".

అప్పుడు రాసుకున్న వాక్యాలు ఇంటికొచ్చి చూసుకుంటే ఒక సంగతి కళ్లబడింది. మాట మారడం లేదు, నురగ నురగే. దాని పక్కనున్న క్రియ మారుతోంది. అప్పటికి ఆ సంగతి డైరీ అంచున గీసి వదిలేశాను. దాని విలువ తెలిసింది ఇంకో నెలకి.

మొత్తం ఇప్పటికి: మనుషులు 80, మాటలు 9, సీసాలు 10, ఖర్చు 450.

దశ 5: చెరువు గట్టు, పంటు, సముద్రం (మే)

రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్లు (నీళ్లని చిలికి గాలి ఎక్కించే యంత్రాలు) తిరుగుతుంటే నురగ ఎలాగూ వస్తుంది. రైతు దాన్ని నురగ కింద లెక్కే వేయడు. "తిరిగినంతసేపూ వచ్చేది కాదండి. తెల్లారి చూస్తే గాలివాటు మూలకి చేరి కట్టేసుంటే అప్పుడు భయం" అన్నాడాయన. నీళ్లలో తేలే సన్నటి జీవులు (ప్లాంక్టన్) చచ్చిపోయి సేంద్రియ పదార్థం పెరిగితే నురగ విరక్కుండా నిలుస్తుంది. నేను సీసా మీద నిమిషాల్లో కొలిచినదాన్ని ఆయన గట్టు మీద రాత్రుల్లో కొలుస్తున్నాడు. సబ్బుకి నిలిచే నురగ మంచిది, చెరువుకి నిలిచే నురగ చెడ్డది.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదారి దాటి నరసాపురం వెళ్లాను. దారిలో పడవ ముక్కు కింద లేచే నురగ గురించి పంటు నడిపే ఆయన చెప్పినదంతా ఫోన్‌లో రికార్డు చేశాను. ఇంటికొచ్చి వింటే ఇంజను తప్ప ఏమీ వినబడలేదు. తొమ్మిది నిమిషాల రికార్డులో దక్కినవి రెండు మాటలు. ఇంజను ఉన్నచోట ఫోన్ పక్కన పెట్టి పెన్సిలుతో రాసుకోండి.

నరసాపురంలో మూలికలమ్మే కొట్లో "సముద్రపు నురుగుందా?" అని అడిగితే తెల్లగా, తేలిగ్గా, పడవ ఆకారంలో ఉన్న పెంకు చేతిలో పెట్టారు. సంస్కృతంలో సముద్రఫేనం. పేరుకే నురుగు. కటిల్ ఫిష్ అనే సముద్ర జీవి ఒంట్లో ఉండే సున్నపు చిప్ప అది. లోపలంతా సన్నటి గదులు, వాటిలో గాలి. ఒడ్డుకి కొట్టుకొచ్చినదాన్ని చూసి గట్టిపడ్డ నురగ అనుకుని ఉంటారు. గోటితో గీకితే పొడి రాలుతుంది. దాన్ని పదకొండో సీసా స్థానంలో పెట్టాను. పేలిన సీసాకి బదులు పేలనిది.

మొత్తం ఇప్పటికి: మనుషులు 89, మాటలు 10, ఖర్చు 600.

దశ 6: పుట్టుక చీటీలు (మే చివర)

ఇక్కడ రెండు చీటీలు రాసి చింపాను. మొదటిదాంట్లో "నూరు బుడగలు కాబట్టి నురుగు" అని ఎవరో చెప్పింది అందంగా ఉందని రాసేశాను. రెండోదాంట్లో "నూరితే వచ్చేది నురుగు". రెండూ నిలవవు. వందకీ, రోట్లో నూరడానికీ పాత రాతలో బండి ఱ ఉంది: నూఱు. నురుగులో ఉన్నది మామూలు ర. అచ్చు కూడా అక్కడ దీర్ఘం, ఇక్కడ హ్రస్వం. చెవికి ఒకేలా వినబడినంత మాత్రాన చుట్టరికం కుదరదు.

అసలు చుట్టాలు పక్క భాషల్లో ఉన్నారు. గోడ మీద పెట్టిన చీటీ ఇది:

తమిళం తలై, కన్నడం తలె, మలయాళం తల, తెలుగు తల.
తమిళం వలై, కన్నడం బలె, మలయాళం వల, తెలుగు వల.
తమిళం నురై, కన్నడం నొరె, మలయాళం నుర, తెలుగు నుర...

వరస ప్రకారం మనకి "నుర" దగ్గర ఆగాలి. మనం చివర ఓ తోక తగిలించుకున్నాం: నురగ, నురుగు. నిఘంటువుల్లో నురువు కూడా ఉంది. వలలు అల్లేవాళ్లకి ఈ చీటీ చూపిస్తే మూడో వరస నేను చెప్పకముందే వాళ్లే చెప్పేశారు. ఈ ఒక్క చీటీ కోసం మళ్లీ అయినా ఈ పనంతా చేస్తాను.

ఫేనం దారి వేరు. దాని చుట్టాలు లాటిన్‌లో స్పూమా, ఇంగ్లీషులో ఫోమ్. అమలాపురంలో ఫోమ్ పరుపు బేరమాడేవాళ్లు మేష్టారి ఫేనానికి దాయాదినే బేరమాడుతున్నారు. కుంకుడుకి సంస్కృతంలో ఫేనిలం, అంటే నురుగు గలది. కుంకుడు శాస్త్రీయ నామం సపిండస్‌లో సబ్బూ ఉంది, ఇండియా కూడా ఉంది. లాటిన్‌లో సబ్బుకి సాపో అంటారు. పోర్చుగీసు సబావ్, ఉర్దూ సాబున్, మన సబ్బు అన్నీ ఆ కుదురువే. అంటే "సబ్బు నురగ" అన్నప్పుడు సబ్బు బయటినుంచి వచ్చింది, నురగ ఇంట్లోదే.

మేష్టారు మరో సంగతి చెప్పారు. నముచి అనే రాక్షసుణ్ణి తడిదానితో గానీ పొడిదానితో గానీ చంపకూడదట. ఇంద్రుడు నీటి నురుగుతో చంపాడు. రుగ్వేదం ఎనిమిదో మండలంలో ఆ మాట ఉంది, భాగవతం అష్టమ స్కంధంలో కథ ఉంది. తడీ కాదు, పొడీ కాదు. నురగకి నేను రాసుకున్న మూడు వాక్యాల నిర్వచనం కొట్టేసి ఇదే పెట్టాను.

ఇంగ్లీషులో సబ్బు నురగకి సడ్స్ అని ఇంకో మాట ఉంది. 16వ శతాబ్దంలో దానికి ముందున్న అర్థం మడ్డి, బురద. తూర్పు ఇంగ్లండు పల్లపు నేలల్లో వరద వదిలిపోయిన ఒండ్రుకి వాడేవారు. చిత్తడి నేల అనే డచ్చి మాట నుంచి వచ్చి ఉండొచ్చంటారు. బీరుకి ఆ పేరు 20వ శతాబ్దంలో పడింది. ఒండ్రు మీద బతికే మాకు ఇది వింతగా తోచి, మన నురగకి కూడా బురదతో సంబంధం ఉందేమోనని వారం రోజులు వెతికాను. లేదు. ఆ చీటీని ఆకుపచ్చ కాగితం మీద రాసి పక్కన పెట్టాను, లెక్కలో కలపలేదు.

ఇంకోటి, పనికి సంబంధం లేనిది. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది 1852లో. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది కూడా 1852లోనే. కాటన్ కట్టిన గోడ మీంచి దూకి నీళ్లు నురగలు కక్కడం మొదలెట్టిన ఏడే నిఘంటువు బయటికొచ్చింది.

దశ 7: చీటీలు తిప్పి రాయడం (జూన్)

గోడ మీద పది మాటలూ వరసగా పెట్టి చూశాను. చదువుతుంటే నిఘంటువు పేజీలా ఉంది, ఊరు వినబడలేదు. ఏప్రిల్‌లో డైరీ అంచున గీసుకున్నది అప్పుడు గుర్తొచ్చింది. చీటీలన్నీ దింపి క్రియల వారీగా మళ్లీ రాశాను:

1. వచ్చు: సబ్బుకి నురగ వస్తుంది, బోరు నీళ్లకి రాదు.
2. పొంగు: కల్లు, పాలు. ఆపకపోతే అంచు దాటుతుంది.
3. తేలు: అప్పుడే పితికిన పాల మీద నురగ తేలుతుంది.
4. తీయు: కందిపప్పు ఉడుకుతుంటే పైన నురగ తీసేస్తారు.
5. పట్టు: ఒంటికి, గిన్నెకి, చేతులకి.
6. కట్టు: చెరువు మూలకి. మంచి కబురు కాదు.
7. దిగు: కాసేపు ఆగితే చాలు.
8. కక్కు: దుక్కిలో అలిసిన ఎద్దు, వరద గోదారి.

ఎనిమిదో చీటీ దగ్గర ఇంకోటి తేలింది. సబ్బుకి ఎప్పుడూ "నురగ", ఏకవచనం. ఎద్దుకీ ఏటికీ ఎప్పుడూ "నురగలు". "ఎద్దు నురగ కక్కింది" అని మా వాళ్లెవరి నోటా రాలేదు. నా రాతలన్నీ వెతికాను, ఒక్కటి కూడా లేదు.

అట్ట కాగితాలకి 60 అయింది. ప్రతి చీటీ కిందా ఆ క్రియకి సరిపోయే సీసా ఒక బల్ల మీద పెట్టాను. కక్కుకి సీసా లేదు.

మొత్తం: మనుషులు 89, మాటలు 10, క్రియలు 8, ఖర్చు 660.

జూన్, ఆఖరి ఆదివారం

గ్రంథాలయానికి మొదట వచ్చినవాళ్లలో రేవులో బట్టలుతికే ఆమె ఉంది. ఎనిమిది చీటీలూ మనవడితో చదివించుకుని విన్నది. "అన్నీ రాశారండి. మరి పోవడం ఏదీ?" అంది.

"దిగు ఉందిగా అమ్మా, ఏడోది."

"అది దానంతటది దిగేదండి. నురగ పోయేదాకా జాడించాలి కదా. దానికేగా నడుం పడిపోయేది."

నెలల తరబడి సీసాలు ఊపాను. ప్రతిసారీ సాయంత్రం వాటిని కడిగి నురగ పోయేదాకా జాడించి బోర్లించింది మా అమ్మ. తొమ్మిదో చీటీ అక్కడే నిలబడి రాశాను. పిన్నులు అయిపోయాయి, టేపుతో అంటించాను. క్రియలు 9.